నేర్పించుట కూడా పరిచర్యయే

(శతవార్షికోత్సవ సభలలో వైద్య పరిచర్య దినమున చేసిన ప్రసంగము)



ఈ నూరు సంవత్సరముల పండుగలో మనము పాత మిషన్ ఆసుపత్రులను, వాటిని కట్టినవారిని కృతజ్ఞతతో జ్ఞాపకము చేసుకుంటున్నాము. అది తగిన పనే. అయితే ఈ పూట మేము మాట్లాడదలచినది కట్టడముల సంగతి కాదు, వాటిలో పనిచేసే చేతుల సంగతి.

మా పాస్టరేటులో ఒక సహోదరి మిరపకాయల కోతకు వెళ్లి కుటుంబమును పోషించుకుంటుంది. పిత్తాశయములో రాళ్లు ఏర్పడి, తాళలేని నొప్పితో మంచము పట్టింది. దగ్గరలోని చిన్న ఆసుపత్రిలో డాక్టరుగారు నమ్మకమైనవారు. కడుపు కోసి ఆ రాళ్ల సంచిని తీసివేశారు. ప్రాణము నిలిచింది. కాని కోత పెద్దది గనుక నెల దాటినా బరువు ఎత్తకూడదన్నారు. ఆ యేటి మిరప కోత ఆమె లేకుండానే ముగిసిపోయింది. మేము ఇంటికి వెళ్లి ప్రార్థన చేసి లేవబోతుండగా ఆమె అడిగింది: "అయ్యగారూ, పట్నంలో చిన్న చిల్లులు పెట్టి చేస్తారంట గదా, పది పదిహేను రోజుల్లో పనికి పోవచ్చంట గదా. ఆ పని మన డాక్టరుగారికి ఎవరూ నేర్పలేదా?"

మా వద్ద జవాబు లేకపోయింది. ఆ ప్రశ్ననే మీ యెదుటికి తెచ్చాము.

ఆమె చెప్పినది లాపరోస్కోపీ, అనగా కీహోల్ ఆపరేషన్. కడుపు మీద మూడు నాలుగు చిన్న రంధ్రములు చేసి, ఒకదానిలో నుండి కెమెరాను, మిగిలిన వాటిలో నుండి సన్నని పొడవాటి పనిముట్లను పంపుతారు. లోపల చోటు ఏర్పడుటకు కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపుతారు. డాక్టరు టీవీ తెర మీద చూస్తూ పని చేస్తారు. 1980లో జర్మనీలో కుర్ట్ సెమ్ అనే డాక్టరు ఈ విధముగా అపెండిక్స్ తీశారు. 1985లో ఆ దేశములోనే ఎరిక్ మ్యూహె పిత్తాశయమును తీశారు. మన దేశములో 1990లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ తెహెంతన్ ఉద్వాడియా పిత్తాశయపు ఆపరేషన్ ఇట్లు చేశారు. ఇది ధనవంతులకు మాత్రమే తగిన వైద్యమని అనేకులు తలంచారు. కాని ఆలోచించండి: జీతపు సెలవు ఉన్నవాడు ఆరు వారములు పడుకొనగలడు. దినకూలికి వెళ్లే మనిషి పడుకుంటే పొయ్యి వెలుగదు. చిన్న గాయము ఎక్కువ అవసరమైనది ఎవరికి?

మరి ఎందుకు అందలేదు? యంత్రము ఖరీదైనది, నిజమే. అంతకంటె కష్టమైనది విద్య. చేతిని కుడికి జరిపితే లోపల పనిముట్టు కొన ఎడమకు జరుగుతుంది. తెర మీద లోతు తెలియదు. వేళ్లకు స్పర్శ సరిగా అందదు. పెద్ద కోతతో వందల ఆపరేషన్లు చేసిన డాక్టరు సహితము ఇక్కడ మరల పలక పట్టవలసినదే. మొదట ఒక పెట్టెలో సాధన చేయాలి. అట్టపెట్టె, సెల్‌ఫోన్ కెమెరాతోనైనా ఆ పెట్టెను తయారు చేసుకోవచ్చును. అందులో గింజలను ఒక చోటి నుండి మరొక చోటికి మార్చాలి, దారము ముడి వేయాలి. తరువాత గురువు ప్రక్కన నిలిచి కెమెరా పట్టాలి. ఆ తరువాత గురువు కన్నుల ముందు తానే చేయాలి. తొందరపడితే పైత్యనాళము తెగవచ్చును. ఆ రోగికి అది ఎన్నో ఏండ్ల బాధ. కష్టమైనప్పుడు చిన్న రంధ్రములను విడిచి కడుపు కోయుటకు వెనుదీయకూడదని కూడా నేర్పాలి. అది ఓటమి కాదు, వివేకము.

వాయువు సిలిండర్లు లేని, మత్తు డాక్టరు దొరకని చోట్లకు మరొక మార్గము ఉన్నది. వాయువు నింపుటకు బదులు కడుపు గోడను ఒక పరికరముతో పైకి ఎత్తి పట్టుతారు. చాలా ఆపరేషన్లకు వెన్నులో ఇచ్చే మత్తు సరిపోతుంది. 1990ల ఆరంభములోనే జపాను డాక్టర్లు ఈ విధానమును వాడారు. వెల్లూరులో తర్ఫీదు పొందిన డాక్టర్ జె. జ్ఞానరాజ్ వంటివారు ఈశాన్య రాష్ట్రాల మిషన్ ఆసుపత్రులలో దీనిని వాడి, ఇతరులకు నేర్పించారు. ఇంగ్లాండులోని లీడ్స్ విశ్వవిద్యాలయము వారు కూడా మన దేశపు డాక్టర్లతో కలిసి ఈ శిక్షణకు పూనుకున్నారు.

లోకములో 500 కోట్ల మందికి సురక్షితమైన, భరించగలిగిన శస్త్రచికిత్స అందుట లేదని 2015లో లాన్సెట్ కమిషన్ తెలిపింది. పెద్ద డాక్టరు ఒకరు వచ్చి, రెండు దినముల క్యాంపులో ఇరవైమందికి ఆపరేషన్ చేసి వెళ్లిపోతే ఆ ఇరవైమంది ధన్యులే. ఇరవై యొకటవ మనిషి సంగతేమి? ఆ పెద్ద డాక్టరే మాటిమాటికి వచ్చి, ఇక్కడి డాక్టరు చేతిని పట్టుకొని దిద్దిస్తే, ఆయన వెళ్లిన తరువాత కూడా ఆ స్వస్థత ఇక్కడే నిలుస్తుంది.

ఇది మనకు క్రొత్త బోధ కాదు. ఉదయము మొదలు సాయంకాలము వరకు ఒంటరిగా జనులకు తీర్పు తీర్చిన మోషేను చూచి మామ యిత్రో ఏమి హితవు చెప్పాడో మీరెరుగుదురు: సమర్థులకు నేర్పి వారిని నిలువబెట్టుమన్నాడు. ఐడా స్కడ్డర్ అమ్మగారు 1900లో వెల్లూరులో వైద్యము మొదలుపెట్టారు. అయితే 1918లో స్త్రీలకు వైద్యవిద్య నేర్పుటకు పాఠశాల తెరిచినప్పుడే ఆమె రెండు చేతులు వేల చేతులాయెను.

కనుక ఈ సభకు మా మనవి ఒకటి. శతాబ్ది కానుకలతో ఆర్చీలు, శిలాఫలకములు కట్టుకుంటున్నాము. వాటిలో ఒక భాగమును ప్రత్యేకించి, మన ఆసుపత్రులలోని యౌవన డాక్టరును, ఆపరేషన్ గదిలోని నర్సును, పనిముట్లను కాపాడే మనిషిని కలిపి శిక్షణకు పంపుదము. వారు నేర్చుకునే నెలలలో ఇక్కడ రోగులను చూచుటకు మరొకరిని ఏర్పాటు చేయుదము. తిరిగి వచ్చినప్పుడు, మొదటి కేసులు నెమ్మదిగా జరిగినా సణుగక ఓర్చుకుందము. యంత్రము కొని తాళము వేసిన గది దేవునికి మహిమ తేదు.

ఆ సహోదరి అడిగిన ప్రశ్న ఇంకా నిలిచియున్నది. వచ్చే తరము వారు మన శిలాఫలకమును చదువుతారో లేదో మేము చెప్పలేము. "మా డాక్టరుగారికి సంఘమే నేర్పించింది" అని ఒక కూలి తల్లి చెప్పగలిగితే, ఈ శతాబ్ది వ్యర్థము కాలేదని తెలిసికొందుము.

ప్రభువు మన చేతుల పనిని స్థిరపరచును గాక. ఆమెన్.