విశ్వానికి మేస్త్రి ఉన్నాడా?

సస్కటూన్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని, చదివింది ఐటిఐ. ఫిజిక్సు మేష్టార్ని కాదు కాబట్టి నాకు తెలిసిన పనిలోంచే మాట్లాడతాను.

మనవాళ్ళు నలుగురు కలిస్తే ఒకరు అంటారు: "ఇల్లుందంటే మేస్త్రి ఉన్నట్టే కదా, మరి ఇంత విశ్వానికి?" నన్ను చూసి మరీ అంటారు. కానీ ఇల్లు చూసి మేస్త్రి ఉన్నాడని ఎందుకంటున్నాం? మేస్త్రీల్ని చూశాం గనక. ఇసుక, సిమెంటు, ఇనుము ముందే ఉంటాయి, ఆయన వాటిని కలుపుతాడు. విశ్వం కట్టడం ఎవరూ చూడలేదు, అక్కడ ఇసుక కూడా కొత్తగా రావాలి.

మరి బిగ్ బ్యాంగ్? దాని కథలో మన ఊరికీ కాస్త చోటుంది. భార్య యూదురాలని జర్మనీలో ఉద్యోగానికి ఎసరొస్తే, గెర్హార్డ్ హెర్జ్‌బర్గ్ 1935లో ఇక్కడి సస్కాచువాన్ యూనివర్సిటీకి వచ్చి పదేళ్ళున్నాడు. తర్వాత 1971లో కెమిస్ట్రీ నోబెల్ తీసుకున్నాడు. ఆయన ఇక్కడున్న రోజుల్లోనే, 1941లో, విక్టోరియా అబ్జర్వేటరీలో ఆండ్రూ మెకెల్లర్ నక్షత్రాల మధ్య అణువుల ఉష్ణోగ్రత లెక్కగట్టాడు: 2.3 కెల్విన్, అంటే సుమారు మైనస్ 271 డిగ్రీలు. మన జనవరి మైనస్ 40 దాని ముందు ఎండాకాలమే! హెర్జ్‌బర్గ్ 1950లో తన పుస్తకంలో ఆ అంకె రాసి, దానికి పెద్ద అర్థమేం లేదన్నట్టు వదిలేశాడు. 1965లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ ఆకాశం నలుమూలలా దాదాపు అదే వేడి పట్టుకున్నారు. 1380 కోట్ల ఏళ్ళ కిందటి మంట చల్లారగా మిగిలింది అది.

ఇక్కడ చలికాలం కాంక్రీటు పోసి, దుప్పట్లు కప్పి, లోపల సెన్సర్ పెడతాం. ఎంత వేడెక్కిందో, ఎలా చల్లారిందో రీడింగ్ చెబుతుంది. పోయించిందెవరో చెప్పదు, దానికి టికెట్ చూడాలి. పైగా ఆకాశంలో ఆ వెలుగు బయల్దేరింది మొదలైన 3 లక్షల 80 వేల ఏళ్ళకి. మొట్టమొదటి క్షణం రీడింగ్ ఎవరి దగ్గరా లేదు. దేవుడు లేడని బిగ్ బ్యాంగ్ చూపించి వాదించేవాళ్ళక్కూడా ఇదే చెబుతాను.

ఈ సిద్ధాంతానికి 1931లో పునాది వేసిన జార్జ్ లెమెత్ర్ స్వయానా క్రైస్తవ ఫాదర్. 1951లో పోప్ 12వ పయస్, సైన్సు సృష్టికర్త వైపే చూపిస్తోందన్నట్టు మాట్లాడితే ఆయనకే నచ్చలేదు. తన లెక్క వేరు, తన ప్రార్థన వేరు.

మన ఋగ్వేదంలో నాసదీయ సూక్తం ఇంకా ముందుకెళ్తుంది. దేవతలే సృష్టి తర్వాత వచ్చినవాళ్ళంటుంది. పైనుంచి చూసుకునే అధ్యక్షుడికి తెలుసేమో, ఆయనకీ తెలియదేమో అని ఆపేస్తుంది. అధ్యక్షుడంటే అక్కడ పైనుంచి అజమాయిషీ చేసేవాడు, నా ఉద్యోగమే అనుకోండి! నవ్వొస్తుంది గానీ, వేదంలో అంత ధైర్యంగా అనుమానం పెట్టిన మనిషంటే నాకు గౌరవం.

నేను దీపం పెడతాను, గుడికెళ్తాను. అసలు ఏమీ లేకుండా ఉండక ఇదంతా ఎందుకుంది అనే ప్రశ్న నన్ను రాత్రిళ్ళు పట్టుకుంటుంది. కానీ నా నమ్మకాన్ని 2.7 కెల్విన్ మీద నిలబెట్టను. రేపు ఆ లెక్కకి ఇంకో అర్థం చెబితే నా దీపం ఆర్పేయాలా ఏంటి? ఉంటానండి, పొద్దున్నే కాంక్రీటు లారీలొస్తాయి.