కొల్లేటి గూడబాతులును, చూడవచ్చు యాత్రికులును
(పెదపాడు సభలో చేసిన యుపన్యాసము)



ఈ సభకు నన్ను పిలిచిన మిత్రులు ఒక ప్రశ్న నా చేతికిచ్చి, సమాధానము చెప్పి మరీ పొమ్మనిరి. కొల్లేటి పక్షులను చూచుటకు దూరప్రాంతములనుండి జనులు వచ్చుచున్నారు. ఇంకను వచ్చునట్లు పడవలు, విడుదులు, ఫలహారశాలలు పెంచవలెనని పలువురు కోరుచున్నారు. ఇది మనకు మేలా, కీడా? పెదపాడు కొల్లేటికి పరాయి యూరు కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మోసికొనివచ్చు నీటిని ఈ సరస్సు పట్టుకొని, ఉప్పుటేటి మీదుగా సముద్రమునకు సాగనంపును. 2024 సెప్టెంబరులో బెజవాడను ముంచిన బుడమేటి నీరు తుదకు చేరవలసిన చోటు ఇదియే. కావున కొల్లేటి మాట పిట్టలను చూచి మురియువారి మాట మాత్రమే కాదు, మీ చేలగట్ల మాట కూడ.

ముందుగా పక్షిని గూర్చి రెండు మాటలు. కైకలూరు చెంతనున్న ఆటపాకకు పోయినవారందరు చూచునది గూడబాతును. గూడ యనగా మన రైతులు చేలకు నీరు తోడుకొను బుట్ట. ఆ పక్షి ముక్కు క్రింద వ్రేలాడు సంచిని చూచినవాడెవడో ఈ పేరు పెట్టియుండును. ఇంతకంటె తగిన పేరు పండితుడు పెట్టజాలడని నా నమ్మకము. రెక్కలు చాచినచో ఎనిమిది అడుగులుండు ఈ భారీ పక్షి నీటిలో మునుగదు. సంచితో నీటిని, చేపను కలిపి తోడి, నీరు వదలి చేపను మ్రింగును.

దీనిని సైబీరియా అతిథి యని పడవవారు చెప్పుదురు, పత్రికలు వ్రాయును, మన బిడ్డలు బడిలో వల్లించుదురు. అది పొరపాటు. శీతకాలమున మధ్య ఆసియానుండియు, సైబీరియానుండియు వచ్చు బాతులు వేరుగా గలవు. ముక్కుపై చుక్కలుగల ఈ గూడబాతు దక్షిణ ఆసియా పక్షి. ఇచ్చటనే గ్రుడ్లు పెట్టి ఇచ్చటనే పిల్లలను పెంచును. ఇంత చిన్న తప్పును దిద్దుటేల యందురేమో! అతిథియైనచో వచ్చెను, పోయెను. వచ్చే యేడు రాకున్న మనకు బాధ్యత లేదు. ఇంటిబిడ్డ యైనప్పుడు ఇల్లు విడిచి ఏల పోయెనని అడుగవలసివచ్చును.

అట్లు పోయిన కథయు మన సీమలోనే జరిగినది. 1946లో కె. కె. నీలకంఠన్ అను మలయాళ పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరిలోని ఆరేడు గ్రామమున గూడబాతుల పెద్ద కొలువును కనుగొనెను. దానినిగూర్చిన ఆయన వ్యాసము 1949లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికలో వెలువడినది. ఆరేటిలో నాడు టిక్కెట్టు లేదు, కంచె లేదు, కాపలా లేదు. అయినను 1970వ దశకములో ఆ కొలువు చెదరిపోయినది. వానల తీరు మారుటయు, చేపల చెరువులు పెరుగుటయు కారణములని చెప్పుదురు. పక్షులను కొట్టి తరిమినవాడు కానరాడు. బ్రతుకు సాగని చోటును అవియే విడిచినవి.

పిమ్మట చట్టములు వచ్చినవి. 1999లో సముద్రమట్టమునకు ఐదడుగుల ఎత్తు గీత లోపలి 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సార్ ఒడంబడిక పట్టికలో దాని పేరు చేరినది. 2006లో ప్రభుత్వమువారు గీత లోపలి చెరువుల గట్లను తెగగొట్టించిరి. ధనికుల చెరువులతోబాటు సహకార సంఘములలోని పేద జాలరుల చెరువులును ఆ వేటున పోయినవి. ధనికులు మరల గట్లు వేసికొను దారి వెదకికొనిరి. పేదలకు ఆ దారి దొరకలేదు. ఈ గాయము మానకుండగనే మనము యాత్రికుల విడుదులను గూర్చి మాటలాడుకొనుచున్నామని మరువకుడు.

నేడు ఆటపాకలో అటవీశాఖవారు నీటి నడుమ ఇనుప మంచెలు నిలిపిరి. గూడబాతులు వానిపై పుల్లలు పేర్చి పిల్లలను లేపుచున్నవి. ఈ యేర్పాటును నేను ఎగతాళి చేయను. అది లేనిచో ఈ మాత్రమైనను మిగిలెడిది కాదేమో. కాని మంచెపై గూడు చూచి కొల్లేరు కుదుటపడినదనుకొనుట వెర్రి. మంచె గూటికి చోటిచ్చును గాని చేపనీయదు. చేపకు పారు నీరు కావలెను. ఆ నీరు కదలవలెనన్న ఏళ్ల ముఖములును, ఉప్పుటేరును అడ్డములేక యుండవలెను.

ఇక యాత్రికులు. కొన్నియేండ్ల క్రిందట నేనొక పక్షికేంద్రమునకు పోయితిని. ఏ కేంద్రమో చెప్పను. మా పడవలోని యువకుడొకడు పక్షులు కదలకుండ కూర్చున్నచో ఫోనులో బొమ్మ బాగుగ రాదనెను. పడవవాడు ఆతని మనసు నొప్పింపలేక మోటారు హోరెత్తించి, గూళ్ల దగ్గరకు పోనిచ్చి, చప్పట్లు చరచెను. తల్లులన్నియు ఒక్కపెట్టున లేచినవి. పడవలోనివారు కేరింతలు కొట్టిరి. ఇంకను ఈకలు రాని పిల్లలు ఎండలో నోళ్లు తెరచికొని మిగిలినవి. ఒకటి అంచుకు జరిగి నీటిలో పడెను. పడవ ముందుకు సాగెను. నేను అప్పుడు నోరు మెదపలేదు. ఈ సభలో ఇంత గట్టిగా మాటలాడుటకు ఆనాటి మౌనమే కారణమని ఒప్పుకొనుచున్నాను.

ఆ పడవవానిని తిట్టి లాభము లేదు. వాని కూలి యాత్రికుని మెప్పుపై నడచుచున్నది, పక్షి క్షేమముపై కాదు. రాజస్థానమున భరత్‌పూరు పక్షివనమున వేరొక పద్ధతి కలదు. లోపలికి మోటారు బండ్లను సాగనీయక, రిక్షాలపై త్రిప్పుదురు. ఆ రిక్షావారికి శిక్షణనిచ్చి పక్షులను గుర్తించి చెప్పు మార్గదర్శకులుగా చేసిరి. పక్షి నిలిచిననే వారి కూడు నిలుచును.

అదే భరత్‌పూరు మరియొక పాఠమును నేర్పినది. 1982లో అచ్చట పశువుల మేతను నిషేధించిరి. ఎదిరించిన గ్రామస్థులలో కొందరు పోలీసు కాల్పులలో మరణించిరి. తరువాత జరిగినదేమి? గేదెలు మేయనందున గడ్డి పెరిగి నీటిని కప్పివేసెను. పక్షులకు చోటు తగ్గెను. బొంబాయి సంఘమువారి పరిశోధనయే ఆ సంగతిని తేల్చినది. గేదెను తరిమినవారు పక్షికి మేలు చేసితిమనుకొనిరి!

కావున మీ ప్రశ్నకు నా సమాధానమిది. యాత్రికులు రావలెను, వత్తురు; కన్నులార చూడనివాడు కొల్లేటికై కంటతడి పెట్టడు. కాని విడుదులు గీతకు వెలుపలనే, ఏలూరు, కైకలూరు వంటి పట్టణములలోనే యుండవలెను. నీరు నిలువవలసిన చోట కాంక్రీటు దిమ్మె ఒక్కటియు వద్దు. గూళ్ల కాలమున మోటారు పడవ వలదు. తెడ్డుతో నడచు దోనె చాలును. దోనె నడపుటకు లంకగ్రామముల పిల్లలకంటె నేర్పరులను ఎక్కడనుండి తెత్తురు? వారికి పక్షుల పేర్లు, అలవాట్లు నేర్పి, జీతమును నెలనెలకు స్థిరముగ నీయవలెను. చప్పట్లు చరచుమని అడిగినవానికి కాదని చెప్పు ధైర్యము అప్పుడు వారికి కలుగును. టిక్కెట్ల సొమ్ములో లంకల పాలెంతో ప్రతియేటను గ్రామసభలో బహిరంగముగ చదువవలెను. ఇవి గొప్ప కోరికలు కావు. అయినను మీరు అడుగనిచో ఎవరును చేయరు.

నేనీ సభకు వచ్చుటకు ముందు ఒక ముసలి జాలరితో మాటలాడితిని. పక్షులపై కోపము లేదా తాతా, అవి నీ చేపలు తినుచున్నవి గదా యంటిని. అతడు నవ్వి, "అవి తినుట నా చిన్ననాడును ఉన్నదే బాబూ. అప్పుడు ఇద్దరమును తినగా మిగిలెడిది," అనెను. తరువాత కొంతసేపూరకుండి, చుట్ట ముట్టించుకొని, ఆటపాక పడవలలో తన మనుమనికి పని దొరుకునా యని నన్నడిగెను. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేక, దానిని మీ యెదుటికి తెచ్చితిని.