సకినాలు చుట్టే చిన్న చేతులు

సంక్రాంతి సెలవులొస్తున్నాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఇళ్లలో ఇక సకినాల సందడే. మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు, బియ్యానికి కొదవ లేదు. ఈసారి పిల్లల్నీ పీటేసి కూర్చోబెట్టండి.

నానిన బియ్యాన్ని వడగట్టి, తడి ఆరకముందే పిండి పట్టించండి. నువ్వులు, వాము, ఉప్పు పిల్లలతోనే కలిపించండి. వాము నలిపి వాసన చూడమనండి. నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ మెత్తగా తడపాలి. శుభ్రమైన బట్ట పరిచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని మెలితిప్పుతూ వరస పక్కన వరస చుట్టాలి. మొదట్లో తెగుతుంది. తెగనివ్వండి. వంకరగా వచ్చినా రుచి మారదు. మీరు సరిచేయకండి, పట్టు వాళ్లకే దొరుకుతుంది.

ఒక్కటి మాత్రం మరవద్దు. చుట్టడం పిల్లల పని, వేయించడం పెద్దల పని. తడి ఆరని సకినం నూనెలో పేలుతుంది. కాస్త ఆరాకే వేయాలి. పిల్లలు పొయ్యికి దూరంగా ఉండాలి. అవును, చుట్టడమే వాళ్లది, వేయించడం మీదే.

మరీ చిన్నవాళ్లయితే నువ్వుల ముద్దలు నయం. వేయించి చల్లార్చిన నువ్వులు, బెల్లం కలిపి దంచి ఇవ్వండి. ఉండలు వాళ్లే కడతారు.

ఈ సెలవుల్లో దుకాణం ప్యాకెట్లు పక్కనపెట్టి, పిల్లల్ని పిండి దగ్గరికి పిలవండి.