చదరంగం: నేర్చినదీ, నేర్పినదీ
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఇంటర్నెట్టులో చదరంగం ఆడేవారికి లిచెస్ అనే వేదిక ఉన్నది. 2010లో థిబో ద్యుప్లెసీ అనే ఫ్రెంచివారు ప్రారంభించారు. రుసుము లేదు, ప్రకటనలు లేవు. విరాళాలతోనూ, ఔత్సాహికుల శ్రమతోనూ నడుస్తున్నది.

మొదట మేమక్కడికి ఆడటానికే వెళ్ళాము. డ్యూటీ దిగి వచ్చి మూడేసి నిమిషాల ఆటలు. ఓడితే కోపం, ఆ కోపంలో మరో ఆట, మరల ఓటమి. రేటింగు తగ్గిన రాత్రి ఇంట్లో పిల్లలతో మాటాడేవారము కాము.

తరువాత మన సంఘం పిల్లల కోసం అక్కడనే తెలుగులో పాఠాలు వ్రాయ నారంభించాము. బిషప్పును తెలుగులో ఏమనాలో మాకే తోచలేదు. అమ్మమ్మగారి నడిగితే, "శకటు అంటారు నాయనా, ఆమాత్రం తెలియదూ?" అన్నారు. ఫలానా ఎత్తు ఎందుకు వేయాలో చెప్పబోతే కారణం మాకే తెలియదని తేలింది. మేము ఓడిన ఆటలే మంచి పాఠాలయినవి. అందుచేత ఓటమిపై కోపం తగ్గింది.

అయితే ఇందులోనూ మత్తున్నది. పాఠాన్ని ఎందరు మెచ్చుకొన్నారో చూడటానికి అర్ధరాత్రి లేచిన రోజులున్నవి. ఇంటావిడ మందలించిన మీదట మానుకొన్నాము.

తెలుగుబడి ఎరుగని మన పిల్లలు నేడు శకటు, ఏనుగు, బంటు అంటూ ఆడుతున్నారు. ఆదివారం సాయంత్రం మీ పిల్లలనూ సంఘం గదికి పంపండి. తెలుగు మాటలు తెలిసిన పెద్దలు తామూ రండి. సెలవు.