గాలి వీస్తే గుండె దడ: అది పిరికితనం కాదు

(ఉద్దానం తీరగ్రామాల స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నష్టపరిహారాల గురించి మాట్లాడదామని రాసుకొచ్చాను. పొద్దున్న మీలో ఒకామె చెప్పిన మాట విన్నాక ఆ కాగితం పక్కన పెట్టేశాను. "తుపాను వెళ్లిపోయింది గానీ నాలోంచి వెళ్లలేదమ్మా" అంది. ఇన్నేళ్లయినా కొబ్బరి మట్ట రాలిన చప్పుడుకి ఉలిక్కిపడి లేచి కూర్చుంటుందట. మబ్బు పడితే పిల్లల్ని బడికి పంపలేదట. ఇంట్లోవాళ్లు మాత్రం "పిరికిది" అని నవ్వుతున్నారు, లేకపోతే "గాలి సోకింది" అని తాయెత్తు కట్టిస్తున్నారు.

ఇది ఆమె ఒక్కదాని కథేనా? చెయ్యెత్తమంటే ఇక్కడ సగంమంది చేతులెత్తారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. పోయినవి చెట్లే అనుకుంటారు బయటివాళ్లు. ఆ చెట్టు మీద అమ్మాయి పెళ్లి ఉంది, అబ్బాయి చదువుంది, ముసలితనంలో నాలుగు మెతుకులున్నాయి. అన్నిటినీ ఒక్క రాత్రిలో కూల్చిన గాలి మళ్లీ వీస్తే గుండె దడదడలాడదా? దెబ్బ తిన్న ఒంటికి నొప్పి ఉన్నట్టే దెబ్బ తిన్న మనసుకి భయం ఉంటుంది. ఒకసారి ప్రాణం మీదికి వచ్చిన చప్పుడుని శరీరం గుర్తుంచుకుంటుంది. ఆ చప్పుడు మళ్లీ వినపడగానే మనం ఆలోచించేలోపే గుండె వేగం పెంచుతుంది, చెమటలు పట్టిస్తుంది. అది మనల్ని కాపాడాలనే చేస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అయితే ఈ భయం ఆడవాళ్లలో ఎందుకు ఎక్కువగా గూడుకట్టుకుంటుంది? మనం బలహీనులమా? కాదు. గాలివాన వచ్చిన రాత్రి చంటిపిల్లలు, మంచాన పడ్డ అత్తగారు, గొడ్డూగోదా, నాలుగు గింజలు, అన్నీ మన చేతుల్లోనే ఉంటాయి. ఇల్లు విడిచి వెళ్లాలా వద్దా అనే నిర్ణయం మాత్రం మన చేతుల్లో ఉండదు. బాధ్యతంతా ఒకరిది, అధికారం ఇంకొకరిది అయినచోట భయం పెరగక ఏమవుతుంది? 1991 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్‌లో వచ్చిన పెను తుపానులో మగవాళ్ల కంటే ఆడవాళ్లే చాలా ఎక్కువమంది చనిపోయారు. ఇంటి మగవాళ్ల మాట లేకుండా గడప దాటలేకపోవడం, పిల్లల్ని వదల్లేకపోవడం, పరాయి మగవాళ్ల మధ్య షెల్టరులో ఉండటానికి జంకడం దానికి కారణాల్లో కొన్ని. ఈ కారణాలు మనకి తెలియనివా?

అందుకే ధైర్యం చెప్పి ఊరుకుంటే సరిపోదు. ధైర్యానికి ఆధారం ఉండాలి. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. సుమారు పదివేలమంది పోయారు. 1990 మేలో దాంతో పోల్చదగ్గ తుపానే మచిలీపట్నం వైపు వచ్చింది. ఈసారి లక్షలాది మందిని ముందే తరలించారు. మరణాలు వెయ్యి లోపు ఆగాయి. ఆ వెయ్యీ తక్కువేం కాదు. కానీ గాలి ఆగలేదు, మనుషులు ముందే కదిలారు. తేడా అక్కడుంది.

మనమూ మన భయాన్ని పనిలోకి మళ్లించాలి. తీరంలో గాలివాన మొదలవడానికి 48 గంటల ముందు ఒక హెచ్చరిక, 24 గంటల ముందు ఇంకోటి వాతావరణ శాఖ ఇస్తుంది. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ వార్త వినండి, చాలు. రోజంతా సెల్‌ఫోనులో పాత తుపాన్ల వీడియోలు చూస్తే మనసు ఆ రాత్రిలోనే ఇరుక్కుపోతుంది. పట్టా, రేషను కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టండి. ఎండ కాసే రోజునే పిల్లల్ని వెంటబెట్టుకుని షెల్టరు దాకా నడిచి చూడండి. పదేసి ఇళ్లు ఒక జట్టు కట్టి ముసలివాళ్లను ఎవరు నడిపించాలో, ఒంటరి స్త్రీని ఎవరు పిలవాలో ఇప్పుడే అనుకోండి. దడ మొదలైతే కూర్చుని ఊపిరి మెల్లగా వదలండి, పక్కన ఒకరి చెయ్యి పట్టుకోండి. పిల్లలు అడిగితే "ఏం లేదు" అనకండి. ఏం జరగొచ్చో, అప్పుడు మనం ఏం చేస్తామో చెప్పండి.

ఇంత చేసినా నెల దాటి నిద్ర పట్టకపోతే, అన్నం సయించకపోతే, చేతి పని సాగకపోతే, బతకాలని అనిపించకపోతే అది వైద్యం కావాల్సిన స్థితి. తాయెత్తు దగ్గర ఆగకండి, ఆసుపత్రికి వెళ్లండి. 14416 నంబరుకి ఫోను చేస్తే ఏ వేళైనా డబ్బు లేకుండా తెలుగులో మాట్లాడతారు. మానసిక వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కని 2017 చట్టం చెప్పింది. పంటపోయిన కోపం సారాగా మారి మన ఒంటి మీద దెబ్బలవుతుంటే అది తుపాను నష్టం అని ఊరుకోకండి. దానికి 181 ఉంది, 2005 గృహహింస చట్టం ఉంది.

చివరిగా ఒక మాట. పునరావాస శిబిరంలో నీడ, తిండి, మంచినీళ్లు, వైద్యం, పారిశుధ్యం ఎలా ఉండాలో కనీస ప్రమాణాలు పెట్టాలని, వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు ఉండాలని 2005 విపత్తు నిర్వహణ చట్టం చెబుతోంది. తలుపుకి గడియ లేని మరుగుదొడ్డి ఉన్న షెల్టరుకి ఏ ఆడపిల్ల రాత్రిపూట ధైర్యంగా వెళ్తుంది? పట్టా మొగుడి పేరున ఉంటే, వదిలేసిన భార్య కూలిన ఇంటికి పరిహారం ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నలకి జవాబు దొరకనంతకాలం మన భయానికి మందు సగమే దొరికినట్టు.

కాబట్టి అక్కడ కూచున్న చెల్లెలికి నేను చెప్పేది ఇదే. నీకు గాలి సోకలేదు. గాలి నీ తోటనీ నీ నిద్రనీ తీసుకుపోయింది, వాటిని తిరిగి అడుగుతున్నావు. వచ్చే గ్రామసభకి నీతోపాటు మేమూ వస్తాం. ముందు షెల్టరు మరుగుదొడ్డికి గడియ అడుగుదాం. అక్కణ్ణుంచి మొదలుపెడదాం.