మేడ మీద ప్యానెల్: ఎన్నేళ్లు, ఎవరికి?



గత రంజాన్‌లో మన దాతల్లో ఒకరు అడిగారు: "కుట్టుమిషన్లు ఇచ్చాం, బోర్లు వేయించాం. ఈసారి వితంతువుల ఇళ్ల మీద సోలార్ పెట్టిస్తే పాతికేళ్ల సదఖా జారియా కదా?" మంచి మాట. అందుకే లెక్క వేసి చూశాం.

పాతికేళ్లు నిజమే. ప్యానెల్ ఏటా సుమారు అర శాతం చొప్పున శక్తి కోల్పోతుంది. 25వ ఏట కూడా 80 శాతం దాకా ఇస్తుందని కంపెనీలు హామీ ఇస్తాయి. ఇన్వర్టర్ మాత్రం అంతకాలం రాదు, 10-15 ఏళ్లకు మార్చాలి. అమ్మేవాళ్లు ఈ ముక్క చివర్లో చెబుతారు, అదీ మనం అడిగితే! ఇక మన మూసారాంబాగ్ సందుల్లో పక్క మేడ నీడ, దుమ్ము వేరే. ప్యానెల్‌లో ఒక మూల నీడ పడినా కరెంటు బాగా తగ్గుతుంది.

మూడు కిలోవాట్లకు రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తాయి. ఖర్చు రెండు లక్షలనుకుందాం. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 78,000 సబ్సిడీ పోను 1,22,000. నెలకు రెండు వేలు బిల్లు మిగిలే ఇంటికి ఐదేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది.

మరి ఆ వితంతువుల ఇళ్లకు? మన జాబితాలో ఎక్కువమంది తెల్ల రేషన్ కార్డువాళ్లు. 200 యూనిట్ల లోపు వాడకానికి గృహజ్యోతి కింద వాళ్లకు 2024 మార్చి నుంచి బిల్లు సున్నా. పైగా అద్దె ఇళ్లు, మేడ వాళ్లది కాదు. అక్కడ ప్యానెల్ పెడితే ఇంటి యజమానికి లాభం, ఆ తల్లికి ఏమీ మిగలదు. ఈ మాట దాతగారికి చెప్పడం మాకు కష్టమే అయింది. ఆయన నవ్వి, "మరి ఎవరికి?" అన్నారు.

సొంత మేడ ఉండి, బిల్లు భారమై, బ్యాంకు వడ్డీకి వెనకాడే మధ్యతరగతి కుటుంబాలకు. వాళ్లకు కర్జె హసనాగా ఇద్దాం. తగ్గిన బిల్లు డబ్బుతోనే నెలనెలా తిరిగి కడతారు, అది మరో ఇంటికి వెళ్తుంది. ప్రతి కిస్తుతో పాటు ఇన్వర్టర్ కోసం వంద రూపాయలు ఆ కుటుంబం పేరునే పక్కన పెట్టాలని మా ప్రతిపాదన. వితంతువులకు కుట్టుమిషన్లు ఎప్పటిలాగే ఇస్తాం. ఈ ఏడాది మొదట ఐదు ఇళ్లు చూద్దాం. ముందుగా మేడ మీద నీడ ఎక్కడ పడుతుందో పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మేమే ఎక్కి చూసి వస్తాం.