పెన్షనరుకు కారు: ఒక గుమాస్తా లెక్క

2009లో రిటైరైనప్పుడు నేను కొన్న పాత మారుతి 800 ఇంకా నడుస్తోంది. ఆ మోడలు తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది.

"ఇంకా ఆ డొక్కు ఎందుకు నాన్నా?" అంటాడు మావాడు. నేను గుమాస్తాను, లెక్క చెబుతాను. కమ్యుటేషన్ తీసుకుంటే పెన్షన్‌లో కోత 15 ఏళ్ళు. నాకు 2024లో తీరింది. ఆ సొమ్ముతో కొన్న కొత్త కారుకు రిజిస్ట్రేషనూ 15 ఏళ్ళే. కోత తీరేనాటికి బండీ పాతబడుతుంది, మన మోకాళ్ళూ అరుగుతాయి. అప్పుడు ఆపరేషన్‌కు డబ్బేది?

నా బండికి తనిఖీ చేయించి, గ్రీన్ టాక్స్ కట్టి, రిజిస్ట్రేషన్ అయిదేళ్ళు పొడిగించుకుంటున్నాను. టైర్లలో గాలి పక్షానికోసారి చూస్తాను. తగ్గితే పెట్రోలు ఎక్కువ తాగుతుంది. బ్రేకుల దగ్గర, థర్డ్ పార్టీ బీమా దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు.

నెలకు రెండుసార్లే బండి తీసేవారు అసలు కొనవద్దు. ఆటో చౌక.